‘ఆశ’ పక్కన ఏ క్రియ?

అమ్మాయీ,

నీ కథ చదివాను. అనంతపురం జిల్లా రైతు, వేరుశనగ చేను, జూన్ దాటినా పడని వాన. నీకు బాగా తెలిసిన బతుకు కాబట్టి చదివించింది. నన్ను ఇబ్బంది పెట్టింది మాత్రం ‘ఆశ’ అనే మాట. పేజీ తిప్పితే చాలు, కళ్లలో ఆశ మెరుస్తోంది, గుండెలో ఆశ చిగురిస్తోంది, ఎక్కడినుంచో ఆశాకిరణం వస్తోంది. ఇవి పత్రికల శీర్షికల్లో ఎప్పుడో అరిగిపోయాయి.

మంచి జరుగుతుందన్న ఎదురుచూపూ మనకు ఆశే, కక్కుర్తీ ఆశే. ‘వాడికింకా ఆశ ఉంది’ అంటే జాలి; ‘వాడికి ఆశ ఎక్కువ’ అంటే నింద. ‘ఆశ, దోశ, అప్పడం, వడ’ అని పిల్లలు వెక్కిరించేదీ దీన్నే. దురాశ, పేరాశ, అడియాస అని వేరువేరు పేర్లున్నా, మామూలు మాటల్లో జనం చాలాసార్లు పక్కన వచ్చే క్రియతోనే సంగతి తేల్చేస్తారు. ‘ఆశ పెట్టాడు’ అంటే ఊరించి మొండిచెయ్యి చూపినవాడు. ‘ఆశ పెట్టుకున్నాడు’ అంటే ఆ ఊరింపును నమ్మినవాడు, లేదా కొడుకు చదువే లోకమనుకున్న తండ్రి. మధ్యలో ఒక్క ‘కొను’ చేరేసరికి మనిషే మారిపోయాడు చూడు! ‘ఆశ చూపి’ అనగానే అది నేరవార్త. ‘ఆశకు పోయి’ అన్నావంటే ఉన్నదీ ఊడిందని తర్వాతి మాట చెప్పనక్కర్లేదు. ఇన్ని ఉండగా ‘మెరిసింది’తో సరిపెట్టుకోవడం ఎందుకు?

తమ్ముడు అన్నను ‘ఆశపోతు’ అని తిట్టినచోట మాత్రం ఆగి మెచ్చుకున్నాను. వాన కోసం చూసేవాణ్ని అంత మాట అనడంలో రెండు అర్థాలూ కొట్టుకుంటున్నాయి, ఆ తమ్ముడి కడుపుమంటా బయటపడుతోంది. దాన్ని ముట్టుకోకు.

తండ్రి కూతురికి రాసిన ఉత్తరంలో ‘క్షేమంగా ఉన్నావని ఆశిస్తున్నాను’ అని ఉంది. అది ఇంగ్లీషు ఉత్తరాల నుంచి దిగినట్టుంది. ఆ తరంవాళ్లు ‘క్షేమమని తలుస్తాను’ అనే రాసేవారు. అన్నట్టు, ‘ఆశక్తి’ కాదు, ‘ఆసక్తి’. ఆశయానికీ ఆశతో చుట్టరికం లేదు. జలాశయం, గర్భాశయం దాని బంధువులు.

ఇక ముఖ్యమైనది. ‘వాన మీద ఆశతో ఉన్నాడు’ అన్న వాక్యం కొట్టెయ్యి. వాన పడకముందే విత్తనపు కాయలు ఒలిపించాడని రాయి. ఒలిచిన గింజ కాయలో ఉన్నంత కాలం నిలవదని నీకు తెలుసు. అతను కాసిన పందెం ఎంతటిదో ఆ ఊళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతా పాఠకుల కోసం భార్య చేత ఒక్క మాట అనిపించు: ‘మబ్బయినా పట్టకుండానే ఒలిపిస్తారా?’ ఆ గొంతులో కోపం ఉండాలి. ఒలిచినవాళ్లకు కూలి ఆమె దాచుకున్న డబ్బులోంచే ఇచ్చాడని కూడా రాయి.

మార్చిన ప్రతి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు. చిన్నవి ఈమధ్య నా కళ్లకు ఆనడం లేదు.