రేడియేషన్ యంత్రాల కంపెనీలో ఉద్యోగం: మా అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స చేసే యంత్రాలను తయారుచేసే ఒక కంపెనీలో ఫీల్డ్ సర్వీస్ ఇంజనీరుగా ఎంపికైంది. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలోనూ ఉద్యోగం వచ్చింది. తాను మాత్రం మొదటిదానిలోనే చేరతానంటోంది. నిత్యం రేడియేషన్ దగ్గర పనిచేస్తే ఆరోగ్యం ఏమవుతుందో, రేపు పిల్లలు పుట్టే వేళకు ఏదైనా ఇబ్బంది వస్తుందేమోనని మా భయం. పైగా ఈ రంగంలో ఉన్నవి నాలుగైదు పెద్ద కంపెనీలేనట. ఇందులో చేరితే మిగతా దారులు మూసుకుపోవా? – ఒక తండ్రి

జవాబు: మీ రెండు భయాలకూ విడివిడిగా జవాబు చెప్పాలి. మొదటిది మీరు అనుకున్నంత పెద్దది కాదు. రెండోదానిలో ఆలోచించవలసిన నిజం కొంత ఉంది. ఈ రెండింటికన్నా ముఖ్యమైన మూడో ప్రశ్న మీ ఉత్తరంలో లేదు: ఆ పని మీ అమ్మాయి స్వభావానికి సరిపడుతుందా అన్నది. దాని గురించి కొంచెం ఎక్కువగానే రాస్తాను.

ముందు రేడియేషన్ సంగతి చూద్దాం. ఈ కంపెనీలు తయారుచేసే యంత్రాలలో ప్రధానమైనది లీనియర్ యాక్సిలరేటర్. ఆ రంగంలోవారు లైనాక్ అంటారు. అందులో ఎలక్ట్రాన్ గన్ నుంచి వెలువడిన ఎలక్ట్రాన్లను, మాగ్నెట్రాన్ గాని క్లిస్ట్రాన్ గాని అందించే మైక్రోవేవ్ శక్తితో దాదాపు కాంతి వేగానికి చేర్చి, టంగ్‌స్టన్ వంటి బరువైన లోహపు పలకకు ఢీకొట్టిస్తారు. అక్కడ పుట్టిన ఎక్స్‌కిరణాలనే కణితి మీదికి మళ్ళిస్తారు. అంటే విద్యుత్తు ఉన్నంతసేపే కిరణాలు ఉంటాయి, స్విచ్చి ఆపిన క్షణాన అవీ ఆగిపోతాయి. పూర్వం విరివిగా వాడిన కోబాల్ట్-60 యంత్రాలలోనైతే రేడియోధార్మిక పదార్థం యంత్రం ఆపినా కిరణాలను వెదజల్లుతూనే ఉంటుంది గనుక దానిని మందపాటి కవచంలో దాచి ఉంచవలసి వచ్చేది. మెదడులోని కణితులకు వాడే గామా నైఫ్‌లో నేటికీ కోబాల్టే ఉంటుంది. కాబట్టి మీ అమ్మాయి ఏ యంత్రాల మీద పనిచేయబోతోందో మొదట అడిగి తెలుసుకోండి.

లైనాక్‌లోనూ ఒక మినహాయింపు ఉంది. 10 మెగావోల్టుల స్థాయి దాటిన కిరణాలను వాడినప్పుడు న్యూట్రాన్లు పుట్టి, యంత్రం తలభాగంలోని కొన్ని లోహపు భాగాలు స్వల్పంగా, కొంతకాలం పాటు రేడియోధార్మికత పొందుతాయి. అందుకే సర్వీస్ ఇంజనీర్లు కిరణాలు ఆగిన వెంటనే మూత విప్పకుండా కాసేపు ఆగి, రేడియేషన్‌ను కొలిచే సర్వే మీటరుతో చూసి, అప్పుడు చేయి పెడతారు. యంత్రం ఉండే గది గోడలు కిరణాలు నేరుగా తగిలే చోట సుమారు 2 మీటర్ల మందం దాకా కాంక్రీటుతో కడతారు. తలుపు తెరుచుకుంటే కిరణాలు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఆ పనిచేసేవారు ఒంటికి పెట్టుకునే డోసు బ్యాడ్జీని క్రమం తప్పకుండా పరీక్షించి లెక్క రాస్తారు.

అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ సూచన ప్రకారం, ఇటువంటి పనిచేసేవారికి ఒంటికి చేరే రేడియేషన్ మోతాదు అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఆ మోతాదుకు కొలమానం ఇది), ఏ ఒక్క ఏడాదిలోనూ 50 మిల్లీసీవర్ట్‌లు మించకూడదు. ప్రకృతి నుంచి మనుషులకు ప్రపంచ సగటున ఏటా చేరేదే సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు అని గుర్తుంచుకుంటే ఈ అంకెలు సరిగా అర్థమవుతాయి. గర్భిణి అయిన ఉద్యోగిని ఆ సంగతి తెలియజేసిన తరువాత, కడుపులోని బిడ్డకు పని వల్ల చేరే అదనపు మోతాదు మిగిలిన గర్భకాలమంతటికీ కలిపి సుమారు 1 మిల్లీసీవర్ట్‌కు మించకుండా ఆమె పనిని మార్చాలని కూడా ఆ కమిషన్ చెబుతుంది. మీ భయానికి సూటిగా జవాబిచ్చే నియమం ఇదే. కంపెనీ దానిని ఎలా అమలు చేస్తుందో అడగడానికి మీ అమ్మాయి మొహమాటపడనక్కరలేదు.

ఈ పనిలో నేను రేడియేషన్ కన్నా ఎక్కువ జాగ్రత్త చెప్పేది కరెంటు గురించి. మైక్రోవేవ్‌లను పుట్టించే భాగానికి పదుల వేల వోల్టుల విద్యుత్తు అందుతుంది. యంత్రం ఆపేసినా కెపాసిటర్లలో ఆ చార్జి మిగిలి ఉండవచ్చు. దానిని పద్ధతి ప్రకారం ఖాళీ చేయకుండా చేయి పెడితే ప్రాణానికే ముప్పు. తొందరపాటు మనిషికి ఈ ఉద్యోగం తగదని చెప్పడానికి ఇది మొదటి కారణం.

ఇక పని ఎలా ఉంటుందో చూడండి. ఫీల్డ్ సర్వీస్ అనగానే చెడిపోయిన భాగాన్ని తీసి కొత్తది బిగించడమని చాలామంది తల్లిదండ్రులు తేలికగా అనుకుంటారు. గాంట్రీ, అంటే కిరణాలు వెలువడే తలభాగాన్ని మోసే టన్నుల బరువుండే చట్రం, రోగి చుట్టూ తిరుగుతున్నప్పుడు, ఏ కోణం నుంచి వచ్చిన కిరణమైనా ఒకే బిందువు గుండా పోవాలి. దానిని ఐసోసెంటర్ అంటారు. అక్కడ అనుమతించే తేడా మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. కిరణాల ఆకారాన్ని కణితి ఆకారానికి సరిపోయేలా మలచడానికి మల్టీలీఫ్ కొలిమేటర్ అనే భాగంలో వందకు పైగా సన్నని టంగ్‌స్టన్ రేకులు ఉంటాయి. ఒక్కో రేకుకు ఒక్కో మోటారు ఉంటుంది, చికిత్స సాగుతుండగానే అవి కదులుతూ ఉంటాయి. వీటిలో ఒక మోటారు అరిగి రేకు కొద్దిగా వెనకబడినా యంత్రం ఆ తేడాను పట్టుకుని ఆగిపోవాలి. అది ఎందుకు ఆగిందో కనిపెట్టడం, బాగుచేయడం, బాగుపడిందని కొలతలతో నిరూపించడం, ఆ కొలతలను రాసి సంతకం పెట్టడం ఇంజనీరు పని. ఆ తరువాత ఆసుపత్రిలో రేడియేషన్ మోతాదుల కొలతలు చూసే నిపుణుడు, అంటే మెడికల్ ఫిజిసిస్ట్, తానూ విడిగా పరీక్షించి సరేనంటేనే రోగి బల్ల మీదికి వస్తాడు.

ఆ రోగిని తలచుకుంటేనే ఈ ఉద్యోగపు బరువు తెలుస్తుంది. సాధారణ పద్ధతిలో రేడియేషన్‌ను రోజుకు 2 గ్రేల (శరీరం గ్రహించే మోతాదుకు కొలమానం గ్రే) చొప్పున, వారానికి అయిదు రోజులు, కొన్ని వారాల పాటు ఇస్తారు. రోజుల మధ్య విరామంలో ఆరోగ్యకరమైన కణాలు తేరుకోవాలనే అలా విడగొడతారు. కాని చికిత్స మధ్యలో అనుకోని విరామం పొడవుగా వస్తే క్యాన్సర్ కణాలూ తిరిగి పెరుగుతాయి. తల, మెడ భాగాల క్యాన్సర్లలోనూ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లోనూ మొత్తం చికిత్సా కాలం సాగిపోతే ఫలితం తగ్గుతుందని వైద్యులు ఎంతోకాలంగా గమనించారు. కాబట్టి యంత్రం ఆగిందని రాత్రి పది గంటలకు ఫోను వస్తే, దాని వెనుక మరునాటి పొద్దున్నే రావలసిన రోగులు పదుల సంఖ్యలో ఉంటారు. ప్రయాణాలు, వేళకాని వేళ పిలుపులు, పండుగ పూట డ్యూటీలు ఈ ఉద్యోగంలో భాగమే. మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన అసలు కష్టం ఇదేనని నా అభిప్రాయం.

రంగం ఇరుకైనదన్న మాట కొంతవరకు నిజమే. లైనాక్‌లు తయారుచేసే పెద్ద సంస్థలను వేళ్ళ మీద లెక్కించవచ్చు. 1948లో మొదలైన వేరియన్ 2021లో సీమెన్స్ హెల్త్‌నీర్స్‌లో కలిసింది. స్వీడన్‌కు చెందిన ఎలెక్టాను గామా నైఫ్ సృష్టికర్త, మెదడు శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ 1972లో స్థాపించారు. రోబో చేతికి అమర్చిన లైనాక్ అయిన సైబర్‌నైఫ్‌ను తయారుచేసే ఆక్యురే, ప్రోటాన్ చికిత్స పరికరాలు చేసే బెల్జియం సంస్థ ఐబీఏ కూడా బాగా తెలిసినవే. మంచి యంత్రం చేతిలో ఉన్నా నిలబడలేకపోయిన సంస్థలూ ఉన్నాయి: ఎంఆర్ఐతో చూస్తూ రేడియేషన్ ఇచ్చే యంత్రాన్ని తెచ్చిన వ్యూరే 2023లో దివాలా పిటిషన్ వేసింది. కనుక కంపెనీ ఆర్థిక స్థితిని, అది ఎన్ని యంత్రాలను నడుపుతోందో, విడిభాగాల సరఫరా ఎలా ఉందో తప్పక ఆరా తీయండి.

అయినా కంపెనీలు తక్కువని విద్య కూడా ఇరుకైపోదు. లైనాక్‌కు ప్రాణం వంటి క్లిస్ట్రాన్‌ను 1937లో స్టాన్‌ఫర్డ్‌లో రసెల్, సిగర్డ్ వేరియన్ సోదరులు కనిపెట్టింది రేడియేషన్ చికిత్స కోసం కాదు. విమానాలను దూరం నుంచి పసిగట్టే మార్గం కోసం వెతుకుతూ కనిపెట్టారు. మైక్రోవేవ్‌లను పుట్టించే విద్యే రాడార్‌కూ, భౌతికశాస్త్ర పరిశోధనలోని యాక్సిలరేటర్లకూ, 1953లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో రోగులకు చికిత్స మొదలుపెట్టిన లైనాక్‌కూ పనికివచ్చింది. మైక్రోవేవ్ ఇంజనీరింగ్, వ్యాక్యూమ్, హై వోల్టేజి, మోటారు నియంత్రణ, ఇమేజింగ్ – ఈ అయిదింటినీ ఒకే యంత్రం మీద చేతితో నేర్చుకునే అవకాశం ఇరవై రెండేళ్ళ ఇంజనీరుకు మరోచోట అంత సులువుగా దొరకదు. వాటిలో ఏ ఒక్కటి బాగా పట్టుబడినా వేరే పరిశ్రమలో తలుపు తెరుచుకుంటుంది. ఒక్క విషయంలో మాత్రం పొరబడవద్దు: ఈ అనుభవంతో ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్ట్‌గా మారిపోవచ్చని కొందరు ఆశపెడతారు. దానికి భౌతికశాస్త్రం పునాదిగా ప్రత్యేకమైన ఉన్నత చదువు, ఆసుపత్రిలో శిక్షణ అవసరం. ఆ ఆలోచన ఉంటే దారిని ఇప్పుడే వేరుగా వేసుకోవాలి.

ఇప్పుడు మూడో ప్రశ్న. ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి ఇంజనీరుకూ థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం కథ చెబుతారు. 1985 నుంచి 1987 మొదట్లోపు ఆ యంత్రం మీద ఆరుగురు రోగులకు ఇవ్వవలసిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ తగిలింది. వారిలో కొందరు మరణించారు. పాత మోడళ్ళలో ప్రమాదాన్ని అడ్డుకునే విడి ఇంటర్‌లాకులు ఉండేవి. ఈ కొత్త మోడల్లో వాటిని తీసేసి ఆ భారాన్ని సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు. ఆపరేటరు ఎక్స్‌కిరణాల పద్ధతిని పొరపాటున ఎంచుకుని, వెంటనే చకచకా సరిదిద్దితే, తెరమీద సవరణ కనిపించేది గాని లోపల యంత్రం దానిని పూర్తిగా అందుకునేది కాదు. తెరమీద వచ్చేదల్లా ‘మాల్‌ఫంక్షన్ 54’ అన్న మాట మాత్రమే. అటువంటి సందేశాలు రోజూ వచ్చేవి గనుక, మీట నొక్కి కొనసాగించడం అక్కడివారికి అలవాటైపోయింది. రోగి తన ఒళ్ళు కాలిపోతోందని చెప్పినా యంత్రం అంత మోతాదు ఇవ్వడం అసాధ్యమని తయారీదారు మొదట్లో కొట్టిపారేశాడు. ఈ ఉదంతం చదివినప్పుడల్లా ఆ కొట్టిపారేయడం దగ్గరే నా మనసు ఆగిపోతుంది.

మీ అమ్మాయి విషయంలో నేను వెతికేది దానికి సరిగ్గా ఎదురైన గుణం. ప్రయోగశాలలో రీడింగు పుస్తకంతో సరిపోనప్పుడు ఆమె ఏం చేస్తుంది? అంకెను సర్దేస్తుందా, లేక మళ్ళీ మొదటినుంచి కొలుస్తుందా? తన తప్పు తానే చెప్పగలదా? పెద్ద డాక్టరు ఎదురుగా నిలబడి యంత్రం వెంటనే కావాలని ఒత్తిడి చేస్తుంటే, ‘ఇంకా ఒక పరీక్ష మిగిలి ఉంది సార్, అది అయ్యేదాకా ఇవ్వలేను’ అని నెమ్మదిగా, గట్టిగా అనగలదా? చేసిన పనిని పేజీలకు పేజీలు ఓపికగా రాయగలదా? మార్కుల జాబితాలో ఇవేవీ కనిపించవు. ఇరవై ఏళ్ళు పెంచినవారు మీరు గనుక మీకే బాగా తెలుస్తాయి. వీటికి అవునన్న జవాబు వస్తే, జీతంలో మొదట్లో కొంత తేడా ఉన్నా ఈ ఉద్యోగంలోనే చేరనివ్వమని నా సలహా. కాదనిపిస్తే, లేదా ఆమెకు కోడ్ రాయడంలోనే ఆనందం ఉంటే, అదే కంపెనీలో చికిత్సా ప్రణాళిక సాఫ్ట్‌వేర్ విభాగం ఉందేమో కనుక్కోమనండి. కణితికి ఎంత మోతాదు చేరుతుందో, పక్కనున్న వెన్నుపాముకు ఎంత తగులుతుందో లెక్కగట్టే ఆ పని కూడా తక్కువ బాధ్యత గలదేమీ కాదు.

ఆఫరు మీద సంతకం చేసేముందు ఆమె కొన్ని సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. శిక్షణ ఎన్ని నెలలు, ఎక్కడ; ఆ తరువాత ఎంతకాలం అనుభవజ్ఞుడైన ఇంజనీరు వెంట పనిచేస్తుంది; హై వోల్టేజి భాగాల మీద ఒంటరిగా పనిచేయించకూడదన్న నియమం ఉందా; డోసు రికార్డును ఆమె ఎప్పుడంటే అప్పుడు చూడవచ్చా; శిక్షణ ఖర్చు పేరిట బాండు ఉందా; రెండు మూడేళ్ళ తరువాత ఫ్యాక్టరీలోని టెస్టింగుకో, డిజైనుకో మారడానికి వీలుందా. ఇవన్నీ అడిగినందుకు విసుక్కునే కంపెనీ అయితే చేరవద్దని చెప్పండి. ఓపికగా, వివరంగా జవాబిస్తే, యంత్రాలను పరీక్షించే మందపాటి గోడల గదిని, అంటే టెస్ట్ బంకర్‌ను, ఒకసారి చూడడానికి ఆమెను అనుమతిస్తారేమో కూడా అడగమనండి. వీలైతే మీరూ వెంట వెళ్ళండి.