హెడ్‌సెట్ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు బారామతిలో పైలట్ శిక్షణకు చేరుతున్నావని, వెళ్లేలోగా సొంత హెడ్‌సెట్ కొనుక్కోవాలని చూస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి పిల్ల విమానం నడపబోతోందన్న సంతోషంతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సంతోషం వెనుకే ఒక భయం కూడా వచ్చి కూర్చుంది. అది నీ చెవుల గురించిన భయం.

తేలిక సంగతులు ముందు చెప్తాను. సెస్నా 172 వంటి శిక్షణ విమానాలకు రెండు ప్లగ్గుల హెడ్‌సెట్ కావాలి. లావుది వినడానికి, సన్నది మాట్లాడడానికి. హెలికాప్టర్లకు వాడే ఒంటి ప్లగ్గుది ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. మైకును పెదవుల అంచుకు దాదాపు ఆనించి పెట్టుకో.

ఇక అసలు విషయం. బేగంపేటలో మేము పుష్పక్ విమానాల మీద నేర్చుకునే రోజుల్లో నాతో ఒక మిత్రుడు ఉండేవాడు. మా అందరిలోకీ మెత్తగా దించేవాడు అతడే. ఇంజను చప్పుడు వినలేనివాడు పైలటే కాడని అతని నమ్మకం, అందుకని చెవుల్లో ఇంత దూది తప్ప మరేమీ పెట్టుకోకుండా ఎగిరేవాడు. దూది ఆ మోతను ఆపినదేమీ లేదు. దిగాక చెవుల్లో గుయ్‌మంటోందని చెప్పేవాడు, సాయంత్రానికి అది తగ్గిపోతే నయమైపోయిందనుకునేవాడు. తరువాత శిక్షకుడయ్యాడు. అప్పటికి మంచి హెడ్‌సెట్ చేతికి వచ్చినా, పక్కన కూర్చున్న విద్యార్థి మాట నేరుగా వినపడాలని ఒక చెవి కప్పును వెనక్కి నెట్టి పెట్టుకునేవాడు. రోజూ అదే చెవి, ఏళ్ల తరబడి. ఒకనాడు నేల మీది కంట్రోలర్ రేడియోలో చెప్పిన ఎత్తును అతడు తప్పుగా తిరిగి చెప్పాడు. కంట్రోలర్ వెంటనే సరిదిద్దడం వల్ల ప్రమాదమేమీ జరగలేదు గాని, తాను కొంతకాలంగా మాటలు విని కాక ఊహించి జవాబిస్తున్నానని అతనికి ఆ రోజు తెలిసింది. ఆ తరువాత పరీక్ష చేయిస్తే ఆ చెవి ఎంత పోయిందో కాగితం మీద కనబడింది. అంత మంచి శిక్షకుడు తనంతట తానే శిక్షణ ఇచ్చే పని మానుకున్నాడు.

వైద్య పరీక్షలో తేలుతుంది కదా అని నీవు అనుకోవచ్చు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం వృత్తి పైలట్ల క్లాస్ 1 వైద్య పరీక్షలో 500, 1000, 2000 హెర్ట్జ్‌ల (ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత) దగ్గర 35 డెసిబెళ్లకు మించి, 3000 దగ్గర 50కి మించి వినికిడి తగ్గకూడదు. చప్పుడు దెబ్బ తొలుత తగిలేది ఆ లెక్కలో లేని 4000 చుట్టుపక్కల కాబట్టి, పరీక్షలో నెగ్గుతూనే చెవిని పోగొట్టుకోవచ్చు. అక్కడ దెబ్బ తింటే స, ష, ఫ వంటి ధ్వనులు ముందుగా మసకబారతాయి, రేడియోలో మాట పోల్చుకోవడానికి అవి చాలా అవసరం. 85 డెసిబెళ్ల మోతలో ఎనిమిది గంటలు ఉండవచ్చునని పనిచేసేవాళ్ల ఆరోగ్యాన్ని పరిశీలించే అమెరికాలోని నియోష్ సంస్థ చెబుతుంది. ఆపైన మూడు డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ గడువు సగమవుతుంది. అంటే 94 దగ్గర ఒక్క గంటే. చిన్న విమానం కాక్‌పిట్‌లో 90 దాటడం మామూలే.

ఏది కొనాలన్నదానికి నా మాట ఇది. డేవిడ్ క్లార్క్ హెచ్10-13.4 వంటి మామూలు హెడ్‌సెట్ బరువుగా ఉన్నా దశాబ్దాల తరబడి పనిచేస్తుంది, కీచుమనే హెచ్చు స్థాయి మోతను బాగా అడ్డుకుంటుంది. రెండు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 2,400 సార్లు తిరిగితే సెకనుకు 80 దెబ్బల లోతైన మోత పుడుతుంది. అంత కింది స్థాయి మోతను ఒట్టి కప్పులు సరిగా ఆపలేవు. దాన్ని ఎదురు ధ్వనితో చెరిపేసేదే ఏఎన్ఆర్ (యాక్టివ్ నాయిస్ రిడక్షన్). ఆ ఆలోచన అమర్ బోస్‌కు 1978లో విమాన ప్రయాణంలోనే వచ్చింది, 1989లో ఆయన కంపెనీ దాన్ని పైలట్లకు అమ్మింది. ఏఎన్ఆర్ పెట్టుకుంటే అలసట బాగా తగ్గుతుంది. బ్యాటరీ అయిపోయినా మాట వినబడుతూనే ఉంటుంది, మోత మాత్రం పెరుగుతుంది. అయితే ఆ కంపెనీ ఏఎన్ఆర్ హెడ్‌సెట్ బోస్ ఏ30 లక్ష రూపాయలు దాటుతుంది. తోటివాళ్లందరికీ అదే ఉందని మీ అమ్మను ఒత్తిడి పెట్టావట. అది నాకు నచ్చలేదు. ఆ డబ్బు ఎన్ని గంటల ఫ్లయింగ్‌కు వస్తుందో ముందు లెక్క వేసుకో. మొదటి ఏడాదికి మంచి మామూలు హెడ్‌సెట్ చాలునని నా అభిప్రాయం.

ఏది కొన్నా, నీ కళ్లజోడుతో, నీ జడతో పెట్టుకుని చూడకుండా కొనవద్దు. కుండకు వెంట్రుకవాసి బీట చాలు నీళ్లు కారిపోవడానికి. కళ్లజోడు కాడ దగ్గర సందు ఉంటే మోత అలాగే లోపలికి వస్తుంది. సన్నని కాడల ఫ్రేము చేయించుకో. కనీసం ఒక గంట తల మీద ఉంచుకుని, నడినెత్తిన నొప్పి పుట్టడం లేదని చూసుకో, ఎందుకంటే నొప్పి పుట్టినప్పుడే మనిషి కప్పును వెనక్కి నెడతాడు. చెమటకు గట్టిపడిన దిండ్లు మార్చుకోవడానికి విడిగా దొరుకుతాయో లేదో అడుగు.

చిన్నప్పుడు చెవిపోటు వచ్చి రాత్రంతా నా భుజం మీద ఏడ్చినదానివి నీవు. అందుకే ఈ విషయంలో ఇంతగా చెబుతున్నాను, విసుక్కోకమ్మా. బారామతి వెళ్లకముందే ఒకసారి వినికిడిని గీతగా చూపే ఆడియోగ్రామ్ తీయించుకుని ఆ కాగితం దాచుకో, 4000 దగ్గర గీత ఎక్కడుందో ఏటేటా పోల్చుకోవచ్చు. హెడ్‌సెట్ ఖర్చులో సగం నేనూ మీ అత్తయ్యా పెట్టుకుంటాము. డబ్బు కట్టేముందు దాని ప్లగ్గుల ఫొటో నాకు పంపు.

ఆశీస్సులతో,
మావయ్య