పళ్లకు క్లిప్పులు వేయిస్తే స్లీప్ ఆప్నియా తగ్గుతుందా?

కడపలో ఉన్న మీ నాన్నగారికి గురక, నిద్రలో ఊపిరి ఆగడం (స్లీప్ ఆప్నియా) ఉన్నాయని, క్లిప్పులు వేయిస్తే తగ్గుతాయా అని అడిగారు. ఒట్టి క్లిప్పులతో తగ్గవు. అవి పళ్ల వరుసను సరిచేస్తాయంతే. పెద్దవాళ్లకు పనికొచ్చేది రాత్రిపూట పెట్టుకునే దవడ పరికరం. పై పళ్లకు, కింది పళ్లకు అచ్చు తీసి చేసే ఈ తొడుగులు కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు పట్టి ఉంచుతాయి. దవడతో పాటు నాలుక మొదలూ ముందుకు జరగడంతో గొంతులో గాలికి దారి దొరుకుతుంది. మొదట్లో పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టుంటుంది, నోట్లో నీళ్లూరతాయి. ఏళ్ల తరబడి వాడితే పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు కాస్త మారవచ్చు. కదిలే పళ్లుంటే కుదరకపోవచ్చు.

పిల్లల సంగతి వేరు. అంగిలి ఇరుకుగా ఉంటే, అంగిలి మధ్యలో ఎముక అతుక్కోకముందే స్క్రూ పరికరంతో వెడల్పు చేస్తారు. ముక్కులో గాలిదారీ పెరుగుతుంది. టాన్సిల్స్, అడినాయిడ్లు (ముక్కు వెనక ఉండే మెత్తటి కండ) మాత్రం ముందే డాక్టరుకు చూపించాలి.

గురకంటే గాఢనిద్రేనని మనవాళ్ల నమ్మకం కానీ, ముందు నిద్ర పరీక్ష చేయించండి. ఊపిరి ఆగడమో తగ్గడమో గంటకు 5 నుంచి 15 సార్లయితే స్వల్పం, 30 దాటితే తీవ్రం. తీవ్రమైతే ముందు సీప్యాప్ యంత్రమే, అంటే నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూసేది. దాన్ని భరించలేకపోతే దవడ పరికరం. రిపోర్టు తీసుకుని కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఆర్థోడాంటిస్టును (పళ్ల వరుస, దవడ సరిచేసే డాక్టరును) కలవండి.