ఆరిపోయిన మంట ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: సార్, నమస్కారం. మాది హనుమకొండ. నాకు ముప్పై ఆరేళ్లు. చిన్నప్పటి నుంచి మంట కనిపిస్తే చాలు, నా కళ్లు అక్కడే నిలిచిపోతాయి. సంక్రాంతికి ములుగు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్తే, అందరూ పడుకున్నాక కూడా నెగడు ముందు ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఇప్పుడు ఉండేది అపార్ట్‌మెంటు, వంట ఇండక్షన్ పొయ్యి మీద. దేవుడి దగ్గర దీపం తప్ప నిప్పు మొహం చూసి ఎన్నాళ్లయిందో. పోయిన నెల మా ఆరేళ్ల బాబు బాల్కనీలో అగ్గిపుల్లలు ఒక్కొక్కటే గీసి, మండుతుంటే చూస్తూ నా కంటబడ్డాడు. మావారు భయపడి ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెలన్నీ పారేశారు. "నీ పిచ్చే వాడికీ పట్టింది" అన్నారు. ఇది జబ్బా సార్? వాణ్ని ఎలా మాన్పించాలి? ఇంకొక మాట. "ఆరిపోయిన మంట ఎక్కడికి పోతుందమ్మా?" అని వాడు అడిగాడు. నాకు చెప్పడం చేతకాలేదు.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి. నిప్పును చూస్తూ కూర్చోవడం జబ్బు కాదు. మనోవైద్యులు పైరోమేనియా అనేది వేరు. లోపల ఒత్తిడి పెరిగిపోయి, కావాలని మళ్లీ మళ్లీ నిప్పు పెట్టి, పెట్టాక హాయి పొందే అరుదైన స్థితి అది. మీ బాబు చాటుగా వస్తువులు తగలబెడుతుంటే, అందులోనూ కోపం వచ్చినప్పుడు ఆ పని చేస్తుంటే, ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. పుల్ల గీసి, అది ఎలా మండుతుందో చూసే పిల్లవాడి విషయంలో నాకు ఆ అనుమానం లేదు. వాడి పక్కన పెద్దవాళ్లు ఎవరూ లేరన్నదే నా బెంగ.

మీ ఉత్తరం చదవగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన కాజీపేట లోకో షెడ్డులో ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్, అంటే ఇంజన్‌లో బొగ్గు వేసి మంట చూసుకునే మనిషి. రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో నేను అన్నం క్యారియర్ తీసుకెళ్లేవాణ్ని. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక రాత్రి, బండికి కట్టడానికి సిద్ధం చేస్తున్న ఇంజన్ మీదికి నన్ను ఎక్కించుకుని ఫైర్‌బాక్సు తలుపు తెరిచారు. వేడి చెంప మీద కొట్టినట్టు తగిలింది. లోపల తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు. అప్పుడు నాన్న పారను బోర్లించి మంటలోకి చాపారు. రేకు అడ్డుపడగానే మంట పక్కకు విడిపోయింది. దాని కింద బొగ్గు పరుపు బయటపడింది. ఒక మూల మందంగా, మసక ఎరుపుగా ఉంది. ఇంకొక చోట పలచబడి తెల్లగా మెరుస్తోంది. "అదిగో, అక్కడ చిల్లు పడబోతోంది" అంటూ, సరిగ్గా ఆ చోటికే అరపార బొగ్గు విసిరారు. నేను గంటసేపు చూసినా కనిపెట్టలేని సంగతి ఆయన ఒక్క చూపులో చదివేశారు.

వేడిని కంటితో కొలవడం ఆయన ఒక్కరి విద్య కాదు. కమ్మరి కొలిమిలో ఇనుము 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర మసక ఎరుపుగా, 1000 దగ్గర నారింజగా, 1300 దాటితే తెల్లగా కనిపిస్తుంది. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో ఊక కలిపిన మట్టి మూసల్లో ఉక్కు కరిగించినవాళ్లకు ఉష్ణమాపకాలు లేవు. ఆ ఉక్కు కత్తుల కోసం పర్షియా దాకా వెళ్లింది. నిప్పును తదేకంగా చూసే కళ్లు లేకపోతే ఆ ఉక్కు లేదమ్మా. మీ చూపును పిచ్చి అంటే నాకు కష్టంగా ఉండేది అందుకే.

మంటలో మనల్ని కట్టిపడేసేది ఏమిటంటారా? మంట ఒక్క క్షణం కూడా ఒకే రూపంలో ఉండదు, అలాగని పూర్తిగా అదుపు తప్పదు. వేడి గాలి పైకి లేస్తుంటే చుట్టూ ఉన్న చల్లగాలి కింది నుంచి లోపలికి చొచ్చుకొస్తుంది. ఆ లాగులాటలో మంట ఒక లయలో పొంగుతుంది. మీటరు వెడల్పున్న మంట దాదాపు సెకనుకు ఒకటిన్నర సార్లు పొంగుతుంది. మంట చిన్నదయ్యేకొద్దీ ఆ వేగం పెరుగుతుంది. మీరు అర్ధరాత్రి దాకా చూసింది ఆ లయనే. చిటపటలు కట్టె లోపల చిక్కుకున్న తేమ, వాయువులు పగుళ్లు తీసుకుని బయటికి దూకే చప్పుడు. ఇక ఆ పసుపు రంగు ఉందే, అది మసి. కట్టె నుంచి వచ్చిన వాయువులు పూర్తిగా కాలకముందు అందులో పుట్టిన సన్నని బొగ్గు రేణువులు వేడికి వెలుగుతాయి. అవే చల్లబడి అంటుకుంటే మీ అమ్మమ్మ అన్నం కుండ అడుగున నల్లగా కనిపించేవి. కుండకు పట్టిన మసి అంతకుముందు వెలుగై ఉన్నదే.

ఈ విషయం మీద మనుషులను పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ లిన్ 226 మందికి నెగడు వీడియో చూపించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. చప్పుడుతో సహా చూసినవాళ్ల రక్తపోటు తగ్గింది. ఎక్కువసేపు చూసినకొద్దీ ఇంకా తగ్గింది. అదే ఏడాది పాలీ వీస్నర్ అనే మానవశాస్త్రవేత్త ఆఫ్రికాలోని జుహోన్సీ ప్రజల సంభాషణలను లెక్కగట్టారు. పగటి మాటల్లో కథలు 6 శాతమే. పగలంతా పనులు, తగవులు. రాత్రి మంట చుట్టూ మాత్రం 81 శాతం కథలే. మనకు ఇది కొత్తగా అనిపించదు. కాముడి దహనం గానీ, మొహర్రంలో పీర్ల గుండం గానీ, మన ఊళ్లలో అందరూ గుమిగూడే చోట్ల నడుమ నిప్పు ఉంటూనే వచ్చింది.

మీ బాబు విషయానికి వస్తాను. డేనియల్ ఫెస్లర్ అనే మానవశాస్త్రవేత్త ఒక మాట అన్నారు: నిప్పుతో రోజూ పని ఉండే సమాజాల్లో పిల్లలు చిన్న వయసులోనే దాన్ని వాడటం నేర్చుకుంటారు, ఆ తర్వాత ఆ ఆకర్షణ తగ్గుతుంది, దూరంగా ఉంచిన చోట పెద్దయ్యాక కూడా మిగిలిపోతుంది. మొదటి సగం నేను కళ్లారా చూశాను. పక్కింటికి వెళ్లి పిడక మీద నిప్పు తెచ్చే పని మా చిన్నప్పుడు పిల్లలదే. రాత్రి కణికల మీద బూడిద కప్పి, పొద్దున నివురు ఊది మంట లేపడం ఏడేళ్ల పిల్లకు కూడా వచ్చు. ఆ పిల్లలెవరూ చాటుగా అగ్గిపుల్లలు గీయలేదు. కానీ ఆకర్షణ తగ్గుతుందన్న మాటకు నా మనసు ఒప్పుకోదు. ఇన్నేళ్లు బొగ్గు వేసిన మా నాన్న రిటైరయ్యాక కూడా చలికాలం పొద్దున్నే కుంపటి ముందు నుంచి లేచేవారు కాదు. పిలిస్తే పలికేవారు కాదు.

అందుకని మాన్పించకండమ్మా, నేర్పించండి. అగ్గిపెట్టె మీ దగ్గరే ఉండాలి, వాడి చేతికి అందకూడదు. వారానికి ఒక రోజు, మీరు పక్కన కూర్చున్నప్పుడే తీయాలి. నైలాన్ బట్టలు వద్దు, నూలు బట్టలు వేయండి. ఫ్యాను ఆపండి, కర్టెన్లకు దూరంగా కూర్చోండి, పక్కన బకెట్టుతో నీళ్లు పెట్టుకోండి. పుల్ల తల కిందికి వంచితే మంట వేళ్ల వైపు ఎలా ఎగబాకుతుందో మీరే పట్టుకుని చూపించండి. ఎందుకు అడ్డంగా పట్టుకోవాలో వాడికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. కిరోసిన్, పెట్రోలు మాటే వద్దు. ఎప్పుడైనా కాలితే వెంటనే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, సిరా లాంటివి రాయకండి. మీవారిని కూడా పక్కన కూర్చోమనండి. ఆయన భయం కూడా వాడు నేర్చుకోవలసిందే.

ఇక వాడి ప్రశ్న. ఇన్నేళ్లు పాఠం చెప్పినా ఇంత మంచి ప్రశ్న నన్ను అడిగిన పిల్లలు తక్కువ. 1860 డిసెంబరులో లండన్‌లో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త ఒక్క కొవ్వొత్తి మీదే పిల్లలకు ఆరు ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఆయన చూపించినవి రెండు మీరూ చేయవచ్చు.

కొవ్వొత్తి బాగా మండాక ఊది ఆర్పండి. వత్తి నుంచి తెల్లటి పొగ లేస్తుంది. వెలిగించిన పుల్లను వత్తికి తాకించకుండా, ఆ పొగకు అందించండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. మండేది గట్టి మైనం కాదని, మైనపు ఆవిరి అని వాడికి అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత బొంగరం తిప్పి చూపించండి. ఆగిపోయాక, "ఆ తిరగడం ఎక్కడికి పోయింది?" అని అడగండి. తిరగడం లాగే మంట కూడా జరుగుతున్న పని. పని ఆగింది, అంతే. ఆవిరి అందినంతసేపు జరిగింది, అందనప్పుడు ఆగింది.

కానీ మండిన మైనం మాత్రం ఎక్కడికో పోయింది. కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా గదిలోనే ఉంది. ఆ నీళ్లు చూపించడానికి పొడిగా తుడిచిన కొత్త స్టీలు గ్లాసును మంటకు కాస్త పైన బోర్లించి, రెండు మూడు క్షణాలు పట్టుకుని తీయండి. లోపల సన్నటి మంచులా తేమ పడుతుంది. వేలితో రాస్తే గీత పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన గ్లాసు వద్దు. దానికి గదిలో తేమే పట్టేస్తుంది, ఏవి మంట నీళ్లో ఏవి గాలి నీళ్లో బాబుకు తెలియదు. గ్లాసు వేడెక్కితే తేమ నిలవదు, వాడు ఎలాగూ మళ్లీ చేయమంటాడు కాబట్టి రెండో గ్లాసు కూడా తుడిచి పక్కన పెట్టుకోండి.