మూడు ఫైళ్లు, మూడు సెపరేటర్లు, ఒకే గ్రాఫ్

విశాఖపట్నం

చిరంజీవి శిరీషకు,

మావయ్య ఆశీస్సులు. హుద్‌హుద్ తుఫాను మన ఊరి దగ్గర తీరం దాటిన 2014 అక్టోబర్ 12కి అటూ ఇటూ సముద్ర మట్టం, గాలి పీడనం, గాలి వేగం ఒకే గ్రాఫ్‌లో గీయాలనుకుంటే గ్రాఫ్‌లు గీసే గ్నూప్లాట్ ప్రోగ్రామ్‌లో ఒక్క గీతే వస్తోందని రాశావు. నీ ఫైళ్లలో ఒకదానికి సెమీకోలన్, ఒకదానికి కామా, మూడోదానికి ఖాళీలు సెపరేటర్లు, అంటే కాలమ్‌లను విడగొట్టే గుర్తులు. గ్నూప్లాట్‌లో సెపరేటర్ సెట్టింగ్ ప్లాట్ కమాండ్ మొత్తానికీ ఒక్కటే. కమాండ్ మధ్యలో మార్చడం కుదరదు. మిగతా రెండు ఫైళ్లకూ 'నో వాలిడ్ పాయింట్స్' అని వస్తున్నది అందుకే.

కోట్స్‌లో కామా, సెమీకోలన్ రెండూ కలిపి ఇస్తే రెండింటి దగ్గరా విడగొడుతుంది, నిజమే. కానీ సముద్ర మట్టం ఫైల్లో 1,24 అని దశాంశానికి కామా వాడి ఉంటే అది 1, 24 అని రెండు కాలమ్‌లైపోతుంది. ముందు ప్రతి ఫైల్లో మొదటి నాలుగు వరుసలు కళ్లతో చూడు. అసలు ఫైళ్లను మాత్రం ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకు, తేదీల రూపం మారిపోతుంది.

నేనైతే ఒక్కో ఫైల్‌నీ విడిగా చదివించి డేటాబ్లాక్‌లో, అంటే గ్నూప్లాట్ తన మెమరీలో ఉంచుకునే పట్టికలో, పెడతాను. వెర్షన్ 5.2 లేదా ఆపైది ఉండాలి. సెపరేటర్ కామా అని పెట్టి, 'సెట్ టేబుల్' పక్కన డాలర్ గుర్తుతో ఒక పేరు ఇచ్చి, 'విత్ టేబుల్' అని ప్లాట్ చేసి, 'అన్‌సెట్ టేబుల్' కొట్టు. తర్వాత సెమీకోలన్ ఫైలు, ఆ తర్వాత ఖాళీల ఫైలు. చివరి ప్లాట్‌కి ముందు సెపరేటర్‌ని తప్పకుండా 'వైట్‌స్పేస్'కి మార్చు. డేటాబ్లాక్‌లో కాలమ్‌ల మధ్య ఖాళీలే ఉంటాయి, ఆ సెట్టింగ్ దానికీ వర్తిస్తుంది.

టైమ్ దగ్గర జాగ్రత్త. తేదీ-టైమ్‌ని చదివే 'టైమ్‌కాలమ్' ఫంక్షన్ ఇచ్చేది సెకన్ల లెక్క, పది అంకెల సంఖ్య. దాన్ని నేరుగా టేబుల్‌లోకి పంపితే ఆరు అంకెలకు కుదించి రాస్తుంది, గంటలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. సంఖ్యను కోరిన రూపంలో రాసే 'స్ప్రింట్‌ఎఫ్' ఫంక్షన్‌తో దశాంశాలు లేని పూర్తి సంఖ్యగా మార్చి పంపు. యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉన్న ఫైల్‌కి అక్కడే 19800 సెకన్లు కలిపితే మన టైమ్ వస్తుంది.

ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఖాళీల ఫైలే, అంటే గాలి వేగం ఫైలు. అందులో తేదీ, టైమ్ మధ్య ఖాళీ ఉంటే అవి రెండు కాలమ్‌లు, వేగం మూడోది, దిశ నాలుగోది. కామా ఫైల్లో అదే తేదీ-టైమ్ ఒక్క కాలమ్. పైగా ఎన్ని ఖాళీలున్నా గ్నూప్లాట్ ఒక్కటిగానే లెక్కేస్తుంది. ఏదో గంటకి వేగం నమోదు కాకపోతే దిశ ఎడమకి జరిగి, 270 డిగ్రీలు కాస్తా 270 వేగంగా గ్రాఫ్‌లోకి ఎక్కుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. 'వాలిడ్' ఫంక్షన్‌తో నాలుగో కాలమ్ ఉందో లేదో చూసి, లేని వరుసను వదిలెయ్యి.

పీడనాన్ని కుడి అక్షం మీద పెట్టు. పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనపు కొలమానం) తగ్గితే సముద్ర మట్టం దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి రెండు అక్షాలనూ ఆ నిష్పత్తిలోనే ఉంచు. నీ మట్టం అంతకంటే ఎక్కువ లేస్తే ఆ మిగులులో ఆటుపోటు ఎంతో, గాలి నెట్టుడు ఎంతో చూడాలి. స్క్రిప్ట్ రాశాక ఫైళ్ల మొదటి వరుసలతో సహా పంపు, చూస్తాను.

మీ మావయ్య