తుఫాను తర్వాత వాగులో చేపలు ఏమైపోయాయి?

ప్రశ్న: పెద్ద తుఫాను వెళ్ళి రెండు వారాలైందండీ. వాగంతా బురద, చెట్లు విరిగి అడ్డంగా పడున్నాయి, ఒక్క చేప కూడా కనిపించట్లేదు. అన్నీ కొట్టుకుపోయినట్టేనా? ఆ దుంగలు తీయించేద్దామా?

జవాబు: దుంగల మీద మాత్రం చెయ్యి వేయకండి, ముందు ఆ మాట చెప్పేస్తున్నా.

పెద్ద చేపలు మనం అనుకున్నంత తేలిగ్గా కొట్టుకుపోవండీ. వరద పైన ఎంత జోరుగా ఉన్నా అడుగున, బండరాయి వెనకాల, గట్టు వేర్ల సందుల్లో నీటి వేగం బాగా తక్కువ, అవి అక్కడ నక్కి ఉంటాయి, నీళ్ళు పొర్లి పక్క పల్లంలోకి పాకితే అక్కడికీ పోతాయి. అసలు దెబ్బ గుడ్లకి, పిల్లలకి. చల్లటి వాగుల్లో ఉండే ట్రౌట్ లాంటి చేపలు గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడతాయి కదా, వరదకి ఆ రాళ్ళే దొర్లిపోతే గుడ్లు నలిగిపోతాయి, రాళ్ళు కదలకపోయినా సన్నటి ఒండ్రు సందుల్లో కూరుకుపోయి నీళ్ళు ఆడక ఆక్సిజన్ అందక లోపలే చచ్చిపోతాయి. అందుకే తుఫాను ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, ఏ నెలలో వచ్చిందన్నది కూడా చూడాలి. గుడ్ల టైంలోనో, పిల్లలు అప్పుడే బయటికొచ్చి రెండు మూడు సెంటీమీటర్లు కూడా లేనప్పుడో వస్తే ఆ ఏడాది పిల్లలు దాదాపు లేనట్టే.

అయినా ఒక్కో ఆడ చేప వందల్లో, పెద్దదైతే వేలల్లో గుడ్లు పెడుతుంది, మిగిలిన కొన్నింటితోనే చాలాచోట్ల కొన్నేళ్ళలో సంఖ్య మళ్ళీ పుంజుకుంటుంది. వాగు వాగులా ఉండాలి, అంతే. పడిన దుంగ కింద నీళ్ళు తవ్వుకుని మడుగు పడుతుంది, ఎండల్లో చేపలకి అదే దిక్కు. 2011లో అమెరికాలోని వెర్మాంట్‌లో ఐరీన్ తుఫాను తర్వాత చాలా వాగుల్లోకి మెషీన్లు దింపి రాళ్ళు ఎత్తేసి, తిన్నగా చదును చేసేశారు, వరద చేసిన నష్టం మీద ఇదొక నష్టం! దాక్కోడానికి చోటే లేకపోతే చేప ఎక్కడికి పోతుంది చెప్పండి. వంతెనకి, కల్వర్టుకి అడ్డుపడి ప్రమాదంగా ఉన్న దుంగ మాత్రం తీయాల్సిందే.

బురద తేరాక ఒకసారి వాగులోకి దిగి ఒక రాయి తిరగేసి చూడండి. అడుగున మూడు తోకలున్న సన్న పురుగులు పాకుతుంటే అవి మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు, అంటే చేపలకి తిండి తిరిగొచ్చినట్టే. చూశాక ఆ రాయిని ఎలా ఉందో అలాగే పెట్టేయండి.