డుంకెల్‌వైజెన్‌కి మార్కులు వేసే ముందు

ప్రియమైన తమ్ముడికి,

డుంకెల్‌వైజెన్ అనే ముదురు రంగు జర్మన్ గోధుమ బీరు మీద నువ్వు రాసి పంపిన సమీక్ష చదివాను. మొదటి వాక్యంలోనే పదికి ఏడున్నర వేసేశావు. ఆ తర్వాత రాసిందంతా ఆ ఏడున్నరను సమర్థించుకోవడానికే సరిపోయింది. "ముదురు రంగు, కొంచెం తీపి, చాలా బాగుంది" అన్నావు. నీకు నచ్చిందని అర్థమైంది, బీరు ఎలా ఉందో మాత్రం తెలియలేదు. అంకె ఎప్పుడూ ఆఖర్న వేయాలి. ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఆ మాట చెప్పడానికే.

గ్లాసులో ఏం జరుగుతోందో తెలిస్తే రాయడానికి మాటలు దొరుకుతాయి. జర్మనీలోని బవేరియా గోధుమ బీరులో వాడే మాల్ట్‌లో (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యంలో) కనీసం సగం గోధుమది ఉంటుంది. ముదురు రకంలో దానికి తోడు మ్యూనిక్ మాల్ట్ లాంటివి, అంటే ఎక్కువ వేడి మీద ఆరబెట్టినవి, వేస్తారు. ఆ రంగు, కాలిన బ్రెడ్ అంచు వాసన, లీలగా తగిలే కారమెల్ వాటివల్ల వచ్చేవే. అరటిపండు, లవంగం వాసనలు మాత్రం ఈస్ట్ పుట్టించినవి. ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థం అరటిపండు వాసన ఇస్తుంది. ధాన్యంలోని ఫెరూలిక్ ఆమ్లాన్ని ఈస్ట్ మార్చినప్పుడు లవంగం వాసన పుడుతుంది. లేత రంగు గోధుమ బీరులో ఈ రెండింటికీ పెద్దగా ఎదురుండదు. ముదురు దాంట్లో మాల్ట్ వచ్చి అడ్డం నిలబడుతుంది. ఈ పెనుగులాటే డుంకెల్‌వైజెన్ అసలు రుచి, నాకు ఇది ఇంత ఇష్టం కావడానికి కారణం కూడా అదే. కాబట్టి "అరటిపండు వాసన ఉంది" అని రాసి వదిలేయకు. ముందు ఏది తగిలింది, దాన్ని ఏది వెనక్కి నెట్టింది, మింగాక నోట్లో ఏది మిగిలింది, అది రాయి.

అందుకు నిదానం కావాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే రుచి చూస్తే చల్లదనం మాల్ట్‌ని దాచేస్తుంది. 8 నుంచి 10 డిగ్రీల దగ్గర మొదలుపెట్టు. పొడుగాటి గ్లాసు తడిపి, వంచి, బీరు మెల్లగా పోసుకో. సీసాలో కొంచెం ఉంచి ఓ గుటక తాగి రాసుకో. తర్వాత సీసాని గుండ్రంగా తిప్పి, అడుగున పేరుకున్న ఈస్ట్‌ని కూడా పోసి మళ్లీ తాగు. రుచి మెత్తబడిందా, మందమైందా, లవంగం పెరిగిందా? గ్లాసు సగమయ్యాక ఒకసారి, చివర్లో ఇంకోసారి రాసుకో. తొలి గుటకలో చప్పగా అనిపించిన బీరు సగం గ్లాసు దగ్గర విచ్చుకోవడం ఈ రకంలో మామూలే.

ఇప్పుడు మార్కుల సంగతి. బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ (బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్) మార్కుల పత్రం చూడు. మొత్తం 50లో వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. రూపానికి మూడే! నువ్వేమో సగం సమీక్ష రంగుకీ నురగకీ ఖర్చుపెట్టావు. మసకగా ఉందని మార్కు కోయడం కూడా తప్పే, ఈస్ట్ ఉన్నప్పుడు మసక సహజం.

చేదు లేదని కోశావు చూడు, అది నాకు బాధనిపించింది. బీరుకి చేదునిచ్చేవి హాప్స్ అనే పూలు, ఈ బీరులో వాటి చేదు కావాలనే తక్కువగా ఉంచుతారు. ఆల్కహాల్ కూడా 5 శాతం అటూ ఇటూ ఉంటుంది. "ఇంకా ఘాటుగా ఉండాల్సింది" అనిపిస్తే అది వైజెన్‌బాక్ అనే ఘాటైన గోధుమ బీరు కోసం పడే ఆశ. బవేరియాలోని ష్నైడర్ బ్రూవరీ వాళ్లు 1907 నుంచి చేస్తున్న అవెంటినస్ అలాంటిదే, 8.2 శాతం. దాని కొలతతో దీన్ని కొలవకూడదు. మాడిన కాఫీ రుచి గట్టిగా తగిలితే మాత్రం మొహమాటపడకుండా కోసెయ్.

సీసా మీది తేదీ తప్పకుండా రాయి. రోజులు గడిచేకొద్దీ అరటిపండు వాసన తగ్గిపోతుంది, గాలి తగిలిన బీరులో తడిసిన అట్టముక్క వాసన మొదలవుతుంది. పాత సీసా తాగి తయారుచేసినవాళ్లని తప్పుపట్టడం అన్యాయం.

చరిత్ర కోసం ఒక పేరా అంతా పెట్టావు. ఒక వాక్యం చాలు: 1872లో గెయోర్గ్ ష్నైడర్ గోధుమ బీరు కాచే హక్కు సంపాదించేదాకా బవేరియాలో అది రాజకుటుంబం చేతిలో ఉండేది. అది కూడా నువ్వు తాగింది ఆ కంపెనీ బీరైతేనే.

ఒకే బ్రూవరీ చేసిన లేత, ముదురు గోధుమ బీర్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని ఈసారి రాయి. వైహెన్‌స్టెఫాన్, ఎర్డింగర్ రెండూ చేస్తాయి. ముందు అంకెలు లేకుండా నాకు పంపు. నేను చదివి, ఏ బీరుకి ఎక్కువ వేసి ఉంటావో చెబుతాను. నా ఊహ తప్పితే ఏ వాక్యం దగ్గర తప్పిందో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య